సుబ్బారావు గారి సీసాల మీద పేర్లు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో చేసిన ఉపన్యాసం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరిట మాట్లాడమంటే ఎవరైనా ఆయన జీవితకథ చెబుతారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టడం, మద్రాసు మెడికల్ కాలేజీ చదువు, ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు, 1922లో బోస్టన్ ప్రయాణం, హార్వర్డులో ఫిస్కే గారితో పని, 1940లో లెడర్లీ ప్రయోగశాల, 1948 ఆగస్టులో యాభై మూడేళ్లకే మరణం. ఈ కథ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లు తెలుసుకోవాలి. నేను మాత్రం ఈ పూట ఆయన చేతిలో మెలిగిన సీసాల మీద ఏ పేర్లున్నాయో వాటి గురించి మాట్లాడతాను. ఫాస్ఫరస్, క్రియాటిన్, అడినోసిన్, ఫోలిక్ ఆమ్లం, టెరిన్, ఆరియోమైసిన్. ఒక్కటీ తెలుగు పేరు కాదు, నిజానికి ఒక్కటీ ఇంగ్లీషు పేరూ కాదు. అన్నీ గ్రీకు, లాటిన్ ముక్కలతో అతికినవే.

నేను చాలాకాలం వైద్యకళాశాలలో బయోకెమిస్ట్రీ చెప్పాను. తెలుగు మీడియంలో చదివి సీటు తెచ్చుకున్న పిల్లలు ఏటా వచ్చేవారు. వాళ్లు ఎక్కడ తడబడేవారో నాకు బాగా తెలుసు. ఎంజైము ఎలా పనిచేస్తుందో చెబితే చప్పున పట్టుకునేవారు. ఆ ఎంజైము పేరు దగ్గర ఆగిపోయేవారు. పేరు వాళ్లకు పదిహేను అక్షరాల గోడ. దాన్ని దాటడానికి బట్టీ ఒక్కటే మార్గం అనుకునేవారు. గ్రీకు, లాటిన్ మూలాలు నేర్చుకుంటే ఆ గోడ చాలావరకు కూలుతుందని అందరూ చెప్పేదే. అందుకోసం మార్కెట్లో పుస్తకాలూ ఉన్నాయి. నేను చెప్పదలచింది దానికి ఒకడుగు అవతల ఉంది. తెలుగు పిల్లలకు ఆ మూలాల్లో చాలా భాగం ముందే తెలుసు. తెలుసని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

సుబ్బారావు గారి మొదటి పేరున్న పనితోనే మొదలుపెడదాం. 1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. తరతరాల విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో ఆ నీలిరంగు చూశారు. ఫాస్ఫరస్ అంటే గ్రీకులో వెలుగును మోసేది. ఫాస్ అంటే వెలుగు, ఫొరోస్ అంటే మోసేది. 1669లో హాంబర్గులో హెన్నింగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం కోసం మూత్రాన్ని మరిగించి మరిగించి, చీకట్లో తనంతట తాను మెరిసే పదార్థాన్ని సంపాదించాడు. ఆ మెరుపుకే ఆ పేరు. ఆ పదానికి అంతకుముందే ఇంకో వాడుక ఉంది. గ్రీకులు వేగుచుక్కను ఫాస్ఫరోస్ అనేవారు. లాటిన్ వాళ్లు అదే చుక్కకు తమ మాటల్లో లూసిఫర్ అని పెట్టుకున్నారు. లూక్స్ అంటే వెలుగు, ఫెర్రె అంటే మోయడం.

ఇప్పుడు మన వైపు చూడండి. ఫాస్‌కి సంస్కృతంలో తోబుట్టువు భాస్. భాసించడం, భాస్కరుడు, ఆభాస అన్నీ ఆ ధాతువువే. ఫొరోస్‌కీ ఫెర్రెకీ తోబుట్టువు భృ అనే ధాతువు. భారం, భరించడం, భర్త అక్కణ్నుంచి వచ్చినవే. అంటే ఫాస్ఫరస్‌ని సంస్కృతపు ముక్కలతో కట్టుకుంటే భాస్సును భరించేది అవుతుంది. తెలుగులో ఈ మూలకానికి భాస్వరం అనే పేరు ఎప్పటినుంచో ఉంది. ఎరువుల సంచి మీద రైతు చదివే మాట అది. ఆ రైతు కొడుకు మెడికల్ కాలేజీకి వచ్చి ఫాస్ఫరస్‌ను పరాయి మాటగా బట్టీ పడతాడు.

1927లో అదే జంట కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని కనిపెట్టింది. క్రియాటిన్ పేరు ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్ పెట్టింది. మాంసం నుంచి దాన్ని వేరుచేశాడు కనుక గ్రీకులో మాంసానికున్న క్రెయాస్ అనే మాట తీసుకున్నాడు. పాంక్రియాస్‌లో ఉన్నదీ ఆ క్రెయాసే. పాన్ అంటే అంతా, అంతా మాంసమే అని అర్థం. క్రెయాస్‌కు సంస్కృతంలో చుట్టం క్రవ్యం, అంటే పచ్చిమాంసం. అమరకోశం చదివినవారికి రాక్షసుడి పర్యాయపదాల్లో క్రవ్యాదుడు గుర్తుండాలి. పచ్చిమాంసం తినేవాడు. ఈ సంగతి చెప్పాక క్రియాటినిన్ స్పెల్లింగ్ మరిచిపోయిన విద్యార్థిని నేను పెద్దగా చూడలేదు. రాక్షసులు ఆ మాత్రం పనికొస్తారు.

1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడు విడిగా దాన్ని పట్టుకున్నాడు. ట్రై అంటే త్రి, దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అడినిన్ పేరు 1885లో ఆల్బ్రెష్ట్ కాసెల్ పెట్టాడు, ఎద్దు పాంక్రియాస్ నుంచి తీశాడు కనుక. అడెన్ అంటే గ్రీకులో గ్రంథి. అడినాయిడ్స్, అడినోమా, లింఫాడినైటిస్ అన్నిట్లో ఉన్నది ఆ గ్రంథే. ఒక్క ఏటీపీ పేరు విప్పితే ఈఎన్‌టీ వార్డు దాకా పనికొచ్చే మూలం చేతికి వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి ఒక అపోహ తీసేయాలి. ఇలాంటి పోలికలు చెప్పగానే సభలో ఎవరో ఒకరు, చూశారా అన్నీ సంస్కృతం నుంచే పోయాయి అంటారు. నావిగేషన్ అనేది నావగతి నుంచి పుట్టిందని వాట్సాప్‌లో తిరిగే సందేశం నాకు ఎన్నోసార్లు వచ్చింది. అది తప్పు. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ, ఆగెరె అంటే నడపడం, రెండూ కలిసి నావిగారె. మన నౌ, లాటిన్ నావిస్, గ్రీకు నౌస్ ఒక తల్లి పిల్లలు. ఎవరూ ఎవరికీ తల్లి కారు. అన్నట్టు ఆ గ్రీకు ఓడ నుంచే నాసియా వచ్చింది. అసలర్థం ఓడ ప్రయాణంలో పట్టే వికారం. 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఉపన్యాసంలో విలియం జోన్స్ చెప్పింది ఇదే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఇప్పుడు లేని ఏదో ఒక భాష నుంచి చీలి ఉండాలన్నాడు.

తెలుగు ఆ కుటుంబంలోది కాదు. 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మద్రాసులో ఆ మాట సాక్ష్యాలతో చెప్పాడు. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందు అచ్చయిన ఆయన వ్యాసంలో తెలుగు ధాతువులు వేరని తేల్చాడు. ఎముక, గుండె, ముక్కు, పన్ను, మోకాలు, గోరు మన సొంతం. వీటికి గ్రీకుతో ఏ చుట్టరికమూ లేదు. కానీ సంస్కృతం పక్కింట్లో వందల ఏళ్లు ఉన్నాం కనుక అస్థి, నాసిక, దంతం, జానువు, నఖం అనే మాటలూ మనవయ్యాయి. అస్థికి గ్రీకు ఆస్టియాన్, లాటిన్ ఆస్. నాసికకు నాసుస్. దంతానికి లాటిన్ డెన్స్, గ్రీకు ఒడోంత్. జానువుకు లాటిన్ గెను, గ్రీకు గోను. నఖానికి గ్రీకు ఒనుక్స్. యకృత్తుకు గ్రీకు హెపార్. నాభికి గ్రీకు ఓంఫలోస్, లాటిన్ అంబిలికుస్. ఆస్టియోమైలైటిస్, ఆర్థోడాంటిక్స్, ఒనికోమైకోసిస్, హెపటైటిస్ ఇవన్నీ తత్సమాల తలుపులోంచి తెలుగు విద్యార్థికి తెరుచుకుంటాయి. ఇంగ్లండ్‌లో పుట్టిన పిల్లవాడికి ఈ సౌకర్యం అన్నిచోట్లా లేదు. వాడి బోన్‌కీ ఆస్టియోకీ మధ్య వంతెన లేదు, అక్కడ వాడు నిజంగానే బట్టీ పట్టాలి.

పోలికలు చెవికి వినిపించాలంటే రెండు మూడు ధ్వని సూత్రాలు తెలిస్తే చాలు. మన సకారం ఉన్నచోట గ్రీకు చాలాసార్లు హకారం పలుకుతుంది, లాటిన్ సకారాన్నే ఉంచుతుంది. సప్త, హెప్టా, సెప్టెం. సంస్కృతంలో సగాన్ని చెప్పే సామి, గ్రీకులో హెమి, లాటిన్‌లో సెమి. హెమిప్లీజియా అంటే ఒక సగానికి దెబ్బ. మన భకారం ఉన్నచోట గ్రీకు, లాటిన్‌లలో చాలాసార్లు ఫకారం వినిపిస్తుంది, ఇందాక భాస్‌లో చూశాం. మన చకారం ఉన్నచోట గ్రీకు కొన్నిసార్లు టకారం పలుకుతుంది. చతుర్, టెట్రా. పంచ, పెంటా. ఈ మూడూ నల్లబల్ల మీద రాస్తే ఒక్క గంట పని. ఆ తర్వాత పిల్లలే వేటకు వెళతారు.

అన్నిటికన్నా విలువైనవి ఉపసర్గలు. హైస్కూలు తెలుగు పుస్తకంలో ప్ర, పరి, అప, ఉప, దుర్, సు అని నేర్చుకుని, మార్కులు తెచ్చుకుని మరిచిపోతాం. వైద్యంలో అవే తిరిగి వస్తాయి. పరి అంటే చుట్టూ, గ్రీకులో పెరి. గుండె చుట్టూ ఉన్న సంచి పెరికార్డియం. దుర్ అంటే చెడ్డ, కష్టమైన, గ్రీకులో డిస్. దుర్భరం అనే మాట తెలిసినవాడికి డిస్ప్నియా అర్థం కావడానికి సెకను చాలు, కష్టంగా ఊపిరి ఆడటం. సుకి గ్రీకు జోడీ యు. థైరాయిడ్ బాగుంటే యూథైరాయిడ్. లేదు అని చెప్పే అ, అన్ మరీ ముచ్చటైనవి. హల్లు ముందు అ, అచ్చు ముందు అన్ అనేది సంస్కృత నియమం. అశాంతి, అనంతం. గ్రీకులో అచ్చంగా అదే నియమం. అట్రోఫీలో అ, అనీమియాలో అన్, ఎందుకంటే అక్కడ హైమా అనే రక్తం ముందు నిలవాలి. ఆ హకారాన్ని గ్రీకులు అచ్చు మీది ఊపిరిగానే లెక్కవేశారు. ఒకే నియమం వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు భాషల్లో చెక్కుచెదరకుండా నిలవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఉప, ఉపరి గురించి వేరుగా చెప్పాలి. ఉపకు గ్రీకు రూపం హైపో, లాటిన్‌లో సబ్. ఉపరికి గ్రీకు రూపం హైపర్, లాటిన్‌లో సూపర్. ఇవి రెండూ తారుమారైతే పరీక్షలో పోయేది ఒక మార్కు, వార్డులో పోయేది ఒక ప్రాణం. హైపోగ్లైసీమియాలో ఉన్న రోగికి వెంటనే గ్లూకోజు ఇవ్వాలి. హైపర్‌గ్లైసీమియా అయితే వైద్యం వేరు. రెండు మాటలూ రాత్రి రెండు గంటలకు ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి. ఉపనది, ఉపరితలం అనే మాటలు తెలిసిన విద్యార్థికి ఏది కింద ఏది పైన అన్న తికమక ఉండనక్కర్లేదు. నేను బల్ల మీద ఈ జంటను రాయకుండా ఏ బ్యాచినీ వదల్లేదు.

ఇక మాటల తోకలు. ఇవి తత్సమాలకు అందవు, విడిగా నేర్చుకోవాల్సిందే. టొమీ అంటే కోయడం. ఎక్‌టొమీ అంటే కోసి బయటికి తీసేయడం. స్టొమీలో ఉన్నది స్టొమా, గ్రీకులో నోరు, అంటే కొత్తగా ఒక ద్వారం పెట్టడం. కొలాటమీ, కొలెక్టమీ, కొలాస్టమీ అనే మూడు ఆపరేషన్ల మధ్య తేడా ఇంతే. ఐటిస్ తోక కథ ఇంకా బాగుంటుంది. గ్రీకులో దానికి వాపు అనే అర్థమే లేదు. దేనికో సంబంధించిన అని మాత్రమే. ఆర్థ్రైటిస్ నోసోస్ అంటే కీళ్లకు సంబంధించిన రోగం. వాడుకలో రోగం అనే మాట రాలిపోయింది, తోక మిగిలింది. వాపు అనే అర్థం తర్వాతి కాలపు వైద్యులు దానికి తగిలించినది.

సుబ్బారావు గారి రెండో ప్రయోగశాలకు వెళదాం. లెడర్లీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. దీని వెనుక మన దేశపు కథ ఒకటుంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో ఏదో మందు ఉందని పట్టుకుంది. ఆ ఏదో ఇదే. పేరు మాత్రం 1941లో టెక్సస్‌లో పెట్టారు. నాలుగు టన్నుల పాలకూర నుంచి వేరుచేశారు కనుక, లాటిన్‌లో ఆకుకు ఉన్న ఫోలియం అనే మాట తీసుకున్నారు. దాని రసాయన నామంలో ఇంకో ముక్క ఉంది, టెరిన్. సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో మొదట దొరికిన పదార్థాల కుటుంబం అది. టెరోన్ అంటే గ్రీకులో రెక్క. హెలికాప్టర్‌లోనూ టెరోడాక్టిల్‌లోనూ ఉన్న రెక్క అదే. ముందు పకారం రాస్తారు, ఇంగ్లీషువాళ్లు పలకరు. టెరోన్‌కి సంస్కృతంలో తోబుట్టువు పత్రం. పత్ అంటే ఎగరడం, పడటం. పత్రం అంటే మొదట రెక్క, ఈక, ఆ తర్వాతే ఆకు. ఒకే అణువుకు ఒక పేరులో ఆకు, ఇంకో పేరులో రెక్క ఉన్నాయి. సంస్కృతంలో ఆ రెంటికీ కలిపి ఒక్క మాట చాలింది. ఇది కాకతాళీయమే. దీనిలోంచి ఎవరూ ప్రాచీన విజ్ఞానం తీయొద్దని మనవి.

ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ కూడా ఆ బృందం చేసిందే. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చాడు. కొందరిలో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే, నేటికీ వాడుతున్నాం. లుకేమియా పేరు విర్షో పెట్టినది. ల్యూకోస్ అంటే తెలుపు, హైమా అంటే రక్తం. ల్యూకోస్‌కి మన చుట్టం రుచ్ ధాతువు, ప్రకాశించడం. తెలుగులో రుచి నాలుక మీదికి చేరింది గాని, సంస్కృతంలో దాని మొదటి అర్థం కాంతి.

ఆరియోమైసిన్ సంగతి చివర చెబుదామని ఆపాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టం. సుబ్బారావు గారి ఆధ్వర్యంలో డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త మిస్సోరి మట్టిలోంచి బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టాడు. 1948లో మందు బయటికి వచ్చింది. ఆరుం లాటిన్ బంగారం, మైసిన్‌లోని ముకేస్ గ్రీకు బూజు. రెండు భాషల మాటల్ని ఇలా అతికితే పండితులు ముక్కు విరుస్తారు. రోగులకు ఏ అభ్యంతరమూ లేదు. తర్వాత దాని నిర్మాణం తెలిశాక క్లోర్‌టెట్రాసైక్లిన్ అన్నారు. పేరు వినగానే విద్యార్థి పెన్ను కింద పెట్టేస్తాడు. విప్పి చూడండి. క్లోరోస్ అంటే పసుపుపచ్చ, మన హరి, హరితం, హరిద్రలకు చుట్టం. టెట్రా మన చతుర్. కుక్లోస్ మన చక్రం. హరి, చతుర్, చక్రం. అణువులో నాలుగు వలయాలు పక్కపక్కన అతుక్కుని ఉంటాయి, ఒక క్లోరిన్ ఉంటుంది. పేరు తెలిస్తే బొమ్మ సగం గీసినట్టే.

ఇంత చెప్పాక రెండో వైపూ చెప్పకపోతే నేను మీకు సరుకు అంటగట్టినట్టు అవుతుంది. మూలం తెలిస్తే అర్థం తెలిసినట్టు కాదు. పేరు పెట్టినవాడు ఆనాడు ఏమనుకున్నాడో అది మాత్రమే తెలుస్తుంది. వాడు పొరబడి ఉండవచ్చు. 1912లో కాసిమిర్ ఫుంక్, జీవానికి అవసరమైన అమైన్‌లు అనుకుని వీటా, అమైన్ కలిపి విటమిన్ అన్నాడు. వీటా మన జీవకు చుట్టమే. కానీ ఆ పదార్థాలన్నీ అమైన్‌లు కావని తర్వాత తేలింది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చివరి అక్షరం ఒకటి తీసేసి సర్దుకున్నారు. లావోయిజియే ఆక్సిజన్‌ని ఆమ్లాలను పుట్టించేదిగా భావించి ఆ పేరు పెట్టాడు. అది నిజం కాదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. మనం ఆ పొరపాటును భక్తితో అనువదించి ఆమ్లజని అనుకున్నాం. మలేరియా అంటే ఇటలీ భాషలో చెడుగాలి. అది గాలి వల్ల కాదని, దోమ కడుపులో పరాన్నజీవి పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే చూశాడు. పేరు మాత్రం మారలేదు. గ్రీకులు ఆర్టీరియా అనే మాటను ఊపిరి గొట్టానికీ వాడారు, శవంలో ఖాళీగా కనిపించే రక్తనాళానికీ వాడారు. మన ధమనిలోనూ ఊదడం అనే అర్థమున్న ధాతువే ఉంది. మూలాలు నమ్ముకున్నవాడు ధమనుల్లో గాలి ఆడుతుందనుకోవాలి.

ఒకే ముక్కలు వేర్వేరు దారులు పట్టడమూ ఉంది. ప్రజ్ఞలో ప్ర, జ్ఞా. ప్రాగ్నోసిస్‌లో ప్రో, గ్నో. ముక్కకు ముక్క సరిపోతుంది. కానీ ప్రజ్ఞ అంటే వివేకం, ప్రాగ్నోసిస్ అంటే రోగం ముందుముందు ఎలా ఉంటుందన్న అంచనా. ఒకేలా వినిపించే వేరు ముక్కలూ ఉన్నాయి. లాటిన్ పెడ్ మన పాదం. గ్రీకులో పైద్ అంటే పిల్లవాడు. పీడియాట్రిక్స్‌కూ పెడల్‌కూ సంబంధం లేదు. లాటిన్ హోమో మనిషి, గ్రీకు హోమో ఒకే రకమైన. అసలు ఏ మూలానికీ లొంగని మాటలూ తగులుతాయి. సుబ్బారావు గారిని మద్రాసులో మంచాన పడేసిన వ్యాధి స్ప్రూ. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. ఆ మాట డచ్చి వాళ్లది. దాని ముందు గ్రీకు నిఘంటువు విప్పి లాభం లేదు.

మామూలు ఇంగ్లీషుకు ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందని అడుగుతారు. నార్మన్ లూయిస్ 1949లో రాసిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లో ఈనాటికీ దొరుకుతుంది. మంచి పుస్తకం, దాన్ని ఒక్కో అధ్యాయంగా చదివి పనులు చేసినవారికి మేలు జరిగింది. కానీ అమీర్‌పేటలో జీఆర్ఈ కోసం మూడున్నర వేల మాటల జాబితా మింగిన తరం కూడా మనకు తెలుసు. వ్యతిరేకపదాల ప్రశ్నలను 2011లో ఆ పరీక్షలోంచి తీసేశారు, మింగినది చాలామందికి అరగకుండానే పోయింది. పైగా ఇంగ్లీషులో రోజూ వాడే చిన్న మాటలు గ్రీకువీ లాటిన్‌వీ కావు. గెట్, పుట్, టేక్ వంటి వాటితో కట్టే వాడుకలు చదివీ వినీ రావాలి. మూలాలు శాస్త్ర పరిభాషకు బ్రహ్మాండంగా, పత్రికా సంపాదకీయానికి ఓ మాదిరిగా, ఇంట్లో కబుర్లకు సున్నాగా పనికొస్తాయి. ఇది నా లెక్క.

పరిభాషను మన భాషలోకే తెచ్చుకునే దారి కూడా హైదరాబాదు ఎరుగును. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు చెప్పింది. దానికోసం అనువాద సంస్థ పెట్టి అరబ్బీ, పారశీక ధాతువులతో పదాలు కట్టారు. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమి సంస్కృత ధాతువులతో తెలుగు పదకోశాలు చేసింది. ఆ కోశాలను ఇప్పుడు ఎవరూ తెరవడం లేదని బాధపడేవారున్నారు. వైద్యం తెలుగులో బోధించే రోజు దగ్గర్లో ఉందని నేను అనుకోను. అయినా ఆ కోశాలకు ఇంకో పని ఉంది. ఇంగ్లీషు మాట పక్కన యకృత్తు, అస్థి, జానువు అని ఉన్న పేజీ, గ్రీకు మూలానికి చేరడానికి తెలుగు విద్యార్థికి దొరికే అతి దగ్గరి దారి.

విద్యార్థులకు ఒక మాట. మూలాల జాబితా కొనుక్కుని అ నుంచి మొదలుపెట్టవద్దు. ఇవాళ్టి పాఠంలో తగిలిన మాటనే విప్పండి. నెఫ్రైటిస్ వచ్చిందనుకోండి, ఆ రోజు నెఫ్రాన్, నెఫ్రెక్టమీ, హైడ్రోనెఫ్రోసిస్ ఒకే పేజీలో రాసుకోండి, పక్కన లాటిన్ రీనల్ కూడా. నాలుగో మాట మీకు మీరే ఊహించి, పుస్తకంలో నిజంగా ఉందో లేదో చూడండి. ఊహ తప్పినప్పుడు ఎందుకు తప్పిందో రాసుకోండి, అది ఇంకా గట్టిగా నిలుస్తుంది. అర్థం ఎప్పుడూ డిక్షనరీలోనే తేల్చుకోవాలి, మూలంతో తేల్చేయకూడదు.

వేదిక మీది అధ్యాపకులకు ఒక విన్నపం. 2019 నుంచి ఎంబీబీఎస్ మొదట్లో ఫౌండేషన్ కోర్సు ఉంది, అందులో భాషకు కొన్ని గంటలు కేటాయించారు. ఆ గంటల్లో సాధారణంగా ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందులో నాలుగు గంటలు ఈ పనికి ఇవ్వండి. ఉపసర్గలకు ఒకటి, శరీర భాగాలకు ఒకటి, తోకలకు ఒకటి, మోసం చేసే పేర్లకు ఒకటి. అనాటమీ విభాగంవారు, ఒక తెలుగు అధ్యాపకుడు కలిసి కూర్చుంటే నలభై పేజీల చిన్న పుస్తకం వేసవి సెలవుల్లో తయారవుతుంది. అచ్చు ఖర్చు ఈ స్మారక నిధి భరిస్తుందేమో నిర్వాహకులు ఆలోచించాలి. వచ్చే ఏడు ఇదే సభలో ఆ పుస్తకం కొత్త బ్యాచి చేతుల్లో పెట్టండి.